ఇండోనేషియా పాఠం

కర్నూలులో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఆదివారాలు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. ఈ వారం ఇండోనేషియా వంతు. పుస్తకంలో దానికి దక్కినవి నాలుగు వాక్యాలే. మేము మాత్రం చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాం.

1945 ఆగస్టు 17న ఇండోనేషియా జాతీయోద్యమ నాయకులు సుకర్ణో, హట్టా స్వాతంత్ర్యం ప్రకటించారు. ఆ దేశాన్ని వలసగా ఏలిన డచ్ (నెదర్లాండ్స్) ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1947 జులైలో సైన్యాన్ని కదిలించి, ఇది తమ ఇంటి వ్యవహారమని, బయటివారు తలదూర్చకూడదని వాదించింది. భారత్, ఆస్ట్రేలియా ఆ వాదనను లెక్కచేయకుండా విషయాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుంచాయి. అది జులై 30. మనకు ఆగస్టు 15 ఇంకా రాలేదు! "మన జెండా ఎగరకముందే ఇంకొకరి కోసం మాట్లాడామా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు గొంతు పూడుకుపోయింది.

1948 డిసెంబరులో డచ్ సైన్యం మళ్లీ దాడి చేసి, ఇండోనేషియా గణతంత్ర రాజధాని యోగ్యకర్తను ఆక్రమించి, సుకర్ణోను, హట్టాను బంధించింది. గెలిచామనుకున్న ఆ క్షణం నుంచే ప్రపంచం ఎదురుతిరిగింది. మన దేశం డచ్ విమానాలకు దారి మూసింది. 1949 జనవరిలో నెహ్రూ ఇండోనేషియా విషయమై ఢిల్లీలో పలు దేశాల సమావేశం పిలిచారు. ఆ నెలలోనే భద్రతా మండలి నాయకుల విడుదల కోరుతూ తీర్మానించింది. యుద్ధంలో దెబ్బతిన్న ఐరోపా దేశాలకు అమెరికా ఇస్తున్న మార్షల్ సాయం డచ్‌వారికి ఆగిపోతుందన్న బెదురు కూడా బాగా పనిచేసింది. ఈ డబ్బు సంగతిని దాచి, అంతా ఆదర్శాల విజయమని పిల్లలకు చెప్పడం నాకిష్టం లేదు.

1949 డిసెంబరు 27న అధికారం చేతులు మారింది. డచ్‌వారు తమ చేతిలోనే ఉంచుకున్న పశ్చిమ న్యూగినీ తగాదా మాత్రం 1962 దాకా నలిగింది. వచ్చే ఆదివారం అదే చెబుతాను, వినాలనుకునే పిల్లలు నేరుగా వచ్చేయండి.