మాంట్రియల్‌లో ఒక మంగళవారం

ఉదయం వీధి చివరి దుకాణంలో పాలు కొనుక్కుని తరగతికి బయలుదేరాను. అటువంటి చిన్న దుకాణాన్ని ఇక్కడ 'డెపానర్' అంటారు. ఫ్రాన్సులో అదే మాటకు చెడిపోయిన బండిని బాగుచేయడానికి వచ్చే మెకానిక్ అని అర్థం. ఇబ్బందిలో ఉన్నవారిని ఆదుకోవడం అనే ఒకే క్రియ నుంచి పుట్టిన మాట ఒక దేశంలో మనిషికీ మరొక దేశంలో వేళగాని వేళ పాలు దొరికే కొట్టుకూ పేరైందని తెలిసిననాడు కలిగిన సంతోషం ఇంకా తీరలేదు. కూడలిలోని ఎర్రటి పలకపై 'ఆగు' అనే అర్థమిచ్చే ఫ్రెంచ్ మాట 'ఆరె' ఉంది. ప్యారిస్‌లో అయితే ఆ పలకపై 'స్టాప్' అనే ఉంటుంది.

ఫ్రెంచ్ మాటపై ఈ పట్టుదల ఎక్కడిదో నేటి పాఠంలో తెలిసింది. మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం క్యుబెక్‌లో అత్యధికులు ఫ్రెంచ్ మాట్లాడేవారే అయినా, పెద్ద ఉద్యోగాలూ వ్యాపారాలూ చాలాకాలం ఇంగ్లీషులోనే నడిచాయి. వలస వచ్చినవారిలో ఎక్కువమంది తమ పిల్లలను ఇంగ్లీషు బడులకే పంపేవారు. 1977లో వచ్చిన 101వ చట్టం ఆ పిల్లలు ఫ్రెంచ్ బడులలో చదవాలని నిర్దేశించింది. దానిని రూపొందించిన మంత్రి కమీయ్ లోరాఁ వృత్తిరీత్యా మానసిక వైద్యుడు. తమ భాషను తామే తక్కువగా చూసుకునే స్థితి నుంచి జనాన్ని బయటికి తేవడం కూడా చట్టం చేయవలసిన పనేనని ఆయన నమ్మాడు. ఆ మాట విన్నప్పుడు, తెలుగులో మాట్లాడితే పిల్లవాడు వెనకబడిపోతాడని భయపడే మా బంధువుల ఇళ్లు గుర్తుకు వచ్చి మనసు బరువెక్కింది.

తరగతి ముగిశాక, హైతీ కుటుంబానికి చెందిన సహాధ్యాయినితో కాఫీ తాగుతూ ఈ సంగతే మాట్లాడాను. "మీరు చదివిన కథలో ఫ్రెంచ్ దెబ్బతిన్న భాష, మా ఇంటి కథలో అది దెబ్బలు కొట్టిన భాష" అని ఆమె నెమ్మదిగా అన్నది. బడిలో, ఫ్రెంచ్ మాటల నుంచి పుట్టిన హైతీ జనభాష క్రియోల్ మాట్లాడినందుకు వాళ్ల అమ్మమ్మను బెత్తంతో కొట్టేవారట. బానిసలుగా ఉన్నవారే తిరుగుబాటు చేసి 1804లో ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం సాధించుకున్న కరీబియన్ దేశం హైతీ. అక్కడ దాదాపు ప్రతి ఒక్కరూ మాట్లాడే క్రియోల్‌కు రాజ్యాంగంలో ఫ్రెంచ్‌తో సమానంగా అధికార భాష హోదా దక్కింది మాత్రం 1987లో, అంటే 183 ఏళ్ల తరువాత. ఉదయం నుంచి ఫ్రెంచ్ పక్షాన మనస్ఫూర్తిగా నిలబడి ఉన్న నాకు కొంతసేపు ఏమి మాట్లాడాలో తోచలేదు.

అయితే ఆమె కథ అక్కడితో ఆగలేదు. క్యుబెక్‌లో చర్చి చేతిలోని బడులు 1960లలో ప్రభుత్వం కిందికి వస్తున్నప్పుడు ఫ్రెంచ్ వచ్చిన ఉపాధ్యాయులు ఎందరో కావలసి వచ్చారు. హైతీ పాలకుడు దువాలియే నియంతృత్వాన్ని తప్పించుకుని ఇక్కడికి చేరిన హైతీ ఉపాధ్యాయులు, వైద్యులలో ఆమె తాతగారు ఒకరు. అమ్మమ్మ అరచేతిపై వాత పెట్టిన భాషే ఆ కుటుంబానికి ఈ మంచు ఊరిలో అన్నం పెట్టింది. ఇందులో ఏ ఒక్క సగాన్నీ వదిలి ఫ్రెంచ్ గురించి రాయకూడదని నిర్ణయించుకున్నాను.

విడిపోయేముందు 'అన్నం తిన్నావా' అన్నదానికి క్రియోల్‌లో ఏమంటారని అడిగాను. 'ఎస్ కె ఊ మాంజే' అని చెప్పింది. ఫ్రెంచ్‌లో మనకు మల్లే నువ్వు, మీరు అనే తేడా ఉంది, క్రియోల్‌లో లేదు. పెద్దవారినైనా చిన్నవారినైనా 'ఊ' అనే పిలుస్తారు. ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో తెలుగు లిపిలోనే రాసుకున్నాను.