ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి రాళ్లు

చెన్నై వెళ్తే చాలామంది మెరీనాకో, మైలాపూర్‌కో పోతారు. నేను ఈసారి ఎగ్మోర్‌లో రైలు దిగి నేరుగా ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాను. పెరంబూర్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు తోడొచ్చాడు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలు అక్కడున్నాయి. కొన్ని ఆ తర్వాత లండన్‌కు వెళ్లిపోయాయి. మిగిలినవైనా ఒక రాత్రి రైలు దూరంలో ఉన్నాయి, అదే పదివేలు.

గ్యాలరీలో వెలుతురు తక్కువ. ఫ్లాష్ కొట్టకూడదు, ట్రైపాడ్ లేదు. షట్టర్ సెకనులో 1/50 వంతు దగ్గర పెట్టాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, 1/50లో సరిగ్గా రెండు మిణుకులు ఇమిడిపోతాయి, ఫోటోలో చారలు పడవు. దాంతో ఐఎస్ఓ (తక్కువ వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 6400 దాకా పోయింది, ఫోటో నిండా రంగురంగుల చుక్కలు. సాఫ్ట్‌వేర్‌తో ఈ చుక్కల్ని, అంటే నాయిస్‌ను, తుడిచేయొచ్చు గానీ, చాలాసార్లు చుక్కతోపాటు ఉలి గాటు కూడా పోతుంది, రాయి మైనంలా తయారవుతుంది. పల్నాటి సున్నపురాయికి ఆ గతి పట్టించడానికి నాకు మనసొప్పదు.

అందుకే బుద్ధుడు లొంగదీసిన నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాతి పతకం ముందు నిలబడి ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ లాక్ చేసి, బరస్ట్‌లో, అంటే వరసగా, 16 రా (కెమెరా మెరుగులు దిద్దని ముడి) ఫ్రేములు తీశాను.

"ఒకే ఫోటో ఇన్నిసార్లెందుకురా?" అన్నాడు అన్నయ్య.

"శిల్పం కదలదు కదన్నయ్యా. నాయిస్ మాత్రం ఫ్రేముకో తీరుగా పడుతుంది. అన్నీ కలిపి సగటు తీస్తే శిల్పం నిలుస్తుంది, నాయిస్ పల్చబడుతుంది."

నాలుగు ఫ్రేములు కలిపితే నాయిస్ సగమవుతుంది, 16 కలిపితే పావు వంతు. అంటే దాదాపు ఐఎస్ఓ 400లో తీసినంత శుభ్రం. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య చేయి కాస్త అటూ ఇటూ జరగడం కూడా మంచిదే, సెన్సర్‌లో ఒకేచోట ఉండిపోయే మచ్చలు ఫ్రేములను ఒకదానిమీదొకటి అలైన్ చేశాక చెదిరిపోతాయి. తీస్తుండగా చేయి వణికి మసకబారిన ఫ్రేమును మాత్రం పక్కన పడేయాల్సిందే.

సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో లాప్‌టాప్ తెరిచాను. ఫోటోషాప్‌లో లేయర్లు అలైన్ చేసి, అన్నిటినీ స్మార్ట్ ఆబ్జెక్ట్ అనే ఒకే లేయర్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) పెట్టాను. మధ్యలో ఎవరైనా అడ్డం నడిచిన సెట్లకు మీడియన్ (నడిమి విలువ) వాడితే ఆ మనుషులు మాయమవుతారు. మీన్ పడగానే పతకం తేటపడింది. ఒకవైపు మదమెక్కి మనిషిని తొండంతో పట్టి విసురుతున్న ఏనుగు, ఆ పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. పైన కిటికీల్లోంచి వంగి చూస్తున్న జనం. ఒక్క ఫ్రేములో చుక్కల్లో కలిసిపోయిన వాళ్ల ముఖాలు ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి, రాయి గరుకు కూడా పోలేదు. 100 శాతం జూమ్ చేసి అన్నయ్యకు ఆ ముఖాలే చాలాసేపు చూపించాను.

"ఫోన్లో నైట్ మోడ్ కూడా ఇదేనా?" అన్నాడు. ఇదే. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో తెచ్చిన నైట్ సైట్ చేసేదీ వరసగా తీసిన ఫ్రేములను కలపడమే.

రేపు కంచు విగ్రహాల గ్యాలరీ. విగ్రహాల ముందుండే అద్దం మీది ప్రతిబింబం ప్రతి ఫ్రేములోనూ అక్కడే ఉంటుంది కాబట్టి సగటుతో అది పోదు. లెన్సును అద్దానికి వీలైనంత దగ్గరగా పెట్టి వెనక నల్లగుడ్డ అడ్డం పట్టాలి. గుడ్డ పట్టుకోవడానికి అన్నయ్య ఒప్పుకున్నాడు.