గాలి తిరగని రోజు

ఎదురు స్థలంలో ఇవాళ నాలుగో స్లాబ్ పడింది. పొద్దుట ఆరింటి నుంచి మిక్సర్ మోత. ఆరాయి కదా అని దుప్పట్లు మడతపెట్టబోతే చేతికి తేమ తగిలింది, మళ్ళీ దండెం మీదికే. ఉప్పు సీసా సరేసరి, చెంచా దిగదు.

ఈ చిరాకులో ఉండగా మా తోడికోడలు హైదరాబాదు నుంచి ఫోను. "మీకేంటక్కా, ఇంటి పక్కనే సముద్రం. మాకిక్కడ 41." ఆ 41లో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, నీడలోకెళ్తే ప్రాణం లేచొస్తుంది. విశాఖలో 35కే జాకెట్టు ఒంటికి అతుక్కుంటుంది. గాలే తడిగా ఉంటే చెమట ఎక్కడికి పోతుందమ్మా? పైగా ఈ మే నెలలో బంగాళాఖాతం నీళ్ళే 29, 30 డిగ్రీలుంటాయి. దాని మీంచి వచ్చేది ఊటీ గాలా?

సరే, ఆ గాలైనా రావాలి కదా. పదకొండు దాటాక నేల బాగా కాగి, వేడిగాలి పైకి లేచి, ఆ చోటులోకి సముద్రపు గాలి వస్తుంది. మా తూర్పు బాల్కనీ గోడకున్న క్యాలెండర్ టపటపలాడిందంటే వచ్చేసినట్టే. ఇవాళ మూడైనా ఉలుకూ పలుకూ లేదు. అంతా ఎదురుగా అడ్డొచ్చిన ఆ స్లాబ్ చలవేనని బిల్డరుని పేరుపెట్టి తిట్టుకున్నాను. సాయంత్రం ఈయనొచ్చి, బీచ్ రోడ్డులో కూడా ఆకు కదల్లేదన్నారు. పడమటి గాలట. కొండల మీంచి దిగే ఆ పొడిగాలి జోరు మీదుంటే సముద్రపు గాలి ఒడ్డు దాటలేదు. మనకి 40 దాటేది అలాంటి రోజుల్లోనే. అయినా బిల్డరు మీద కోపం తగ్గించుకోను, ఐదో స్లాబ్ ఇంకా ఉంది.

గాలి గాలి అంటున్నాను గానీ, 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. పొద్దుటంతా ఈశాన్యపు గాలి. బాల్కనీ తలుపుకి డైనింగ్ టేబుల్ అడ్డంపెట్టి, దాని మీద ఇద్దరం వాలి నిలబడ్డాం. బందుల సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, నోటికి తగిలితే ఉప్పగా ఉన్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది. అందరూ కార్లు చూసుకోడానికి కిందికి దిగారు. పై వాటాలో మాస్టారొక్కరే "ఇది తుపాను కన్ను, వెనక సగం ఇంకా ఉంది, ఎక్కండి పైకి" అని మెట్ల మీంచి అరిచారు. ఎక్కామో లేదో నైరుతి నుంచి మొదలు. ఈసారి వంటింటి కిటికీ ఊడి గ్యాస్ బండ మీద పడింది. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చని ఆకన్నది లేదు, కొండకి ఎవరో నిప్పుపెట్టినట్టు గోధుమరంగు. మా వీధిలో పడిపోయిన రావిచెట్టు చోట ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఉక్కపోతకి ఆ చెట్టు లేకపోవడం కూడా కారణమేనని నా గట్టి నమ్మకం.

అలాగని సముద్రాన్ని ఆడిపోసుకోలేను. విజయవాడలో 44 కొట్టిన రోజు మనం 36 దగ్గర ఆగామంటే దాని పుణ్యమే. రోళ్ళు పగిలే రోహిణి ఇంకా రాలేదు, అప్పుడేమంటానో తెలీదు.

ఇంతకీ తోడికోడలు సలహా విని ఈయన కూలర్ ఆర్డర్ పెట్టేశారు! హైదరాబాదు పొడిగాలికి అది పనిచేస్తుంది. ఇక్కడ ఇంట్లోకి ఇంకాస్త తేమ తోడటానికి ఎనిమిది వేలా? పొద్దున్నే క్యాన్సిల్ చేయించాలి, ఈయన లేవకముందే.