ర్యాలిలో మా పాప

ఈ శనివారం నాన్నగారి మొక్కు తీర్చాను. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి పుట్టిన మా పాపను కోనసీమలోని ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ముందు పడుకోబెట్టాం. చేతులకి తులసి వాసన ఇంకా పోలేదు.

మా ఇంటిపేరే ర్యాలి. అయినా మూడు తరాలుగా మాలో ఎవరూ ఆ ఊరు చూడలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో తాతగారు చీపురుపల్లి నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి పనికి వెళ్ళారు. అక్కడి స్కూలు రిజిస్టర్లో మా ఇంటిపేరు పేరు వెనక్కి జరిగింది. "ర్యాలీ అంటే ఊరేగింపా?" అని అడిగేవారు. నాన్నగారు మాత్రం చివరిదాకా ఇంటిపేరు ముందే రాశారు. "బిడ్డ పుడితే ముందు మన స్వామికి చూపించు" అని చెప్పి వెళ్ళిపోయారు.

శనివారం వెళ్ళడం మా పొరపాటు. పక్కనే ఉన్న వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కున్న జనమంతా అటునుంచి అటే ఇక్కడికీ వస్తారు. తోపులాట, ఫోన్లు, "జరగండి జరగండి" అని అరుపులు. స్వామి ముందు కాసేపు నోరు మూసుకుని నిలబడలేమా? ఆ తొక్కిడిలో పాలసీసా కిందపడి పాలన్నీ ఒలికిపోయాయి. పాప ఎండకి గుక్కపట్టి ఏడుస్తోంది. మాకు ఒకటే టెన్షన్.

వీధి అరుగు మీద కూర్చున్న ఒక మామ్మగారు లేచి, మమ్మల్ని లోపలికి పిలిచారు. సీసా నీళ్ళలో మరగబెట్టి, పాలు కాచి ఇచ్చారు. పాప మెడ కింద చెమట కొంగుతో అద్దుతూ "ఎవరింటోళ్ళు బాబూ?" అన్నారు. చెప్పాను.

"అయితే ఎప్పుడో ఇక్కణ్ణుంచి ఎల్లినోళ్ళే. ఊళ్ళో ఉన్నోళ్ళని ఊరిపేరెట్టి ఎవరు పిలుత్తారు? పైఊరెళ్తేనే ర్యాలోళ్ళంటారు."

ఇన్నాళ్ళూ ఆ పేరు ఈ ఊళ్ళోనే పుట్టిందనుకున్నాను. ఊరు విడిచాక, కొత్తచోట ఎవరో మావాళ్ళని గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరది.

మళ్ళీ లైన్లో నిలబడ్డాం. ఎదుట ఐదడుగుల సాలగ్రామ శిలలో కేశవుడు. అదే శిలకి వెనకవైపు ఆయనే మోహిని. వెనక్కి వెళ్ళగానే అర్చకులు దీపం ఎత్తి మోహిని కొప్పు చూపించారు, తర్వాత మెల్లగా కిందికి దించి పిక్క మీది పుట్టుమచ్చ. రాయి అనిపించలేదు. ఇప్పుడే అటు తిరిగి నడిచి వెళ్ళబోతున్న మనిషిలా ఉంది. అంతలో వెనకనుంచి తోసేశారు. స్వామి పాదాల దగ్గర ఊరే నీళ్ళు పాప తల మీద చల్లి, ఒక పువ్వు చేతిలో పెట్టారు.

మోహిని కొప్పులోంచి పువ్వు రాలిన చోటే ర్యాలి అని తెలియనిదెవరికి! తిరిగొస్తుంటే మామ్మగారు అరుగు మీదే ఉన్నారు. పాప గుప్పిట విప్పి చూసి, "మీ ఊరి పువ్వేనే తల్లీ, గట్టిగా పట్టుకో" అన్నారు.