చదివిందే మళ్ళీ

తిరుమల దర్శనానికొచ్చే చుట్టాలు దిగితే మా ఇల్లెలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మధ్యాహ్నం మరిది కొండ దిగొచ్చి, గుండుకి చందనం పూసుకుని హాల్లో కూర్చున్నాడు. మా చిన్నది ఓ మూల 'ది గివర్' నవల చదువుకుంటోంది. "పోయినసారి నేనొచ్చినప్పుడూ ఇదే కదమ్మా? ఇంటర్లో ఉండి చదివిందే చదువుతూ కూర్చుంటే ఎట్లా? వదినా, మీరైనా చెప్పరా?" అన్నాడు. అది పుస్తకం మూసి లోపలికెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళ ముందు మాట పెరగకూడదని నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి నడిచాను. రాత్రి పదకొండయినా ఆ మంట చల్లారలేదు.

అతను ఏటా వస్తాడు. చూసిన స్వామినే చూసి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తాడు. మళ్ళీ ఎందుకొచ్చావని ఎవరమూ అడగం, అడగకూడదు కూడా. పుస్తకం దగ్గరికి మళ్ళీ వెళ్ళే పిల్లకి ఆ పాటి మర్యాద ఉండొద్దా?

నిజానికి గుట్టు మీద నడిచే కథ రెండోసారికి పనికిరాదని నేనూ అనుకునేదాన్ని. లోయిస్ లౌరీ 1993లో రాసిన ఈ 'ది గివర్'లో, ఊళ్ళోవాళ్ళు 'విడుదల' అనేది అసలు ఏమిటో తెలిసిపోయాక ఇంకేం మిగులుతుందని. కానీ అసలు భయం రెండోసారే. మొదటి అధ్యాయంలోనే, పసిపిల్లల్ని సాకే పనిలో ఉన్న, కథానాయకుడు జోనస్ తండ్రి ఎంతో మెత్తగా ఆ మాట ఎత్తుతాడు. ఏం జరగబోతోందో తెలిసి చదువుతుంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఆడుకుంటూ విసురుకునే ఆపిల్ గాల్లో ఒక్క క్షణం మారినట్టు జోనస్‌కి అనిపిస్తుంది. రంగుల్లేని ఆ ఊళ్ళో వాడికి కనబడింది ఎరుపని మొదటిసారి నాకేం తెలుసు?

మళ్ళీ చదవడం నాకు చిత్తూరులో తాత దగ్గర అబ్బింది. చందమామలో నెలనెలా వచ్చిన 'రాకాసిలోయ' పేజీలన్నీ చింపి, దబ్బనంతో, పురికొసతో కుట్టి పెట్టాడు. కుట్టు ఎంత బిగువంటే లోపలి అంచు అక్షరాలు కనబడేవి కావు, బొటనవేలితో అదిమి పట్టి చదవాలి. మధ్యలో ఒక నెలది లేదు. అక్కడికి రాగానే తాత మామిడికాయ కోయడం ఆపి, కత్తిపీట పక్కకి జరిపి, కథ తనే అల్లి చెప్పేవాడు. ప్రతి వేసవికీ వేరే కథ. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మల్లోని మాంత్రికుడు ఒక ఏడు చచ్చేవాడు, ఒక ఏడు తప్పించుకునేవాడు. చందమామ వాళ్ళు సీరియల్ రాసినవాళ్ళ పేరు వేసేవారు కాదు. అది దాసరి సుబ్రహ్మణ్యం గారిదని చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ పోయిన భాగమూ తర్వాతెప్పుడో దొరికింది. చదివితే దిగులేసింది. తాత చెప్పిందే బాగుంది.

అలాగని అన్నీ మళ్ళీ చదవాలనీ కాదు. కొన్ని తిరగేస్తే పాత సంతోషం కూడా పోతుంది, వాటిని ముట్టుకోను. రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 'ఎర్త్‌సీ' పుస్తకాలు మాత్రం నాకంటే ముందు నడుస్తాయి. 1968 నాటి మొదటిదాంట్లో గెడ్ అనే కుర్ర మాంత్రికుడు గర్వంతో వదిలిన నీడని చివరికి తన పేరుతోనే పిలుస్తాడు. పదిహేనేళ్ళప్పుడు నాకు ఆ గర్వం ఒక్కటే నచ్చింది. అదే వరుసలో 1990లో వచ్చిన 'టెహాను' అయితే అప్పట్లో సగంలో వదిలేశాను. శక్తంతా పోయి తిరిగొచ్చిన గెడ్, భర్త పోయిన నడివయసు తెనార్, ఒళ్ళు కాలిన చిన్నపిల్ల, మేకలు, ఇంటి పని. యుద్ధాలేవీ అనిపించింది. ఇప్పుడు తెనార్ పొయ్యి దగ్గర కూర్చుంటే నేను పక్కన కూర్చుంటాను.

చిన్నదానికి ఈ 'టెహాను' పదేళ్ళాగి ఇద్దామనుకున్నాను. వద్దు, రేపే ఇస్తాను. విసుగొస్తే వదిలేస్తుంది, పుస్తకం ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది.