వరద రాత్రి, ఒక షుగర్ బిళ్ళ

విజయవాడలో బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు. తెల్లవారుజామున వాకిట్లో పాదాలు తడిసేంత ఉన్న నీళ్ళు చూస్తూండగానే వంటింటి గట్టు దాటాయి. మాది సింగ్‌నగర్‌లో కింద వాటా. పైన ఇంటివాళ్ళు ఉంటారు. మా ఆయన గ్యాస్ బండ మోసుకుని మెట్లెక్కారు. మా అమ్మాయి తన సర్టిఫికెట్లు పట్టుకుంది. నేను బ్యాంకు పుస్తకాలు, రెండు పట్టుచీరలు, అమ్మవారి పటం తీసుకున్నాను. మందుల డబ్బా ఫ్రిజ్ మీద ఉండిపోయింది. ఫ్రిజ్ నీళ్ళలో తేలి పక్కకు ఒరిగిన చప్పుడు పైకి వినిపించినప్పుడు గుర్తొచ్చింది.

నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు, బీపీ వచ్చి ఆరేళ్ళు. ఎలా బయటపడిందో, ఏ టెస్టులు చేశారో చెప్పడానికేమీ లేదు, అందరికీ జరిగేదే. రోజూ మూడు బిళ్ళలు, అంతే.

మేడ మీద పధ్నాలుగు మందిమి చేరాం. ఇంటివాళ్ళు పిన్నిగారు, బాబాయిగారు, ఎదురింటి వదిన కుటుంబం, పక్కింటివాళ్ళు, మేము. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి. సోమవారం పడవలో పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు వచ్చాయి. తెచ్చిన పిల్లలు మెడలోతు నీళ్ళలో పడవ తోసుకుంటూ వచ్చారు, వాళ్ళకు ఎంత చెప్పినా రుణం తీరదు. కానీ ఆ పొట్లాల్లో మాకు కావలసిన బిళ్ళ లేదు.

ఆ సాయంత్రం పిన్నిగారు తన మందులన్నీ తెచ్చి చాప మీద పోశారు. "ఎవరికేం పనికొస్తుందో చూసుకోండమ్మా" అన్నారు. అప్పుడు లెక్క తేలింది. పధ్నాలుగు మందిలో ఏడుగురం బీపీకో షుగర్‌కో బిళ్ళలు మింగేవాళ్ళమే. మా అమ్మాయి తర్వాత చదివి చెప్పింది, 2023లో వచ్చిన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉందట, ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళలో 35 శాతం మందికి బీపీ ఉందట. మా మేడ లెక్క అంతకన్నా ఎక్కువే. అయితే ఏడుగురిలో ఒక్కరికీ తన బిళ్ళ పేరు తెలియదు. "నాది చిన్నది, తెల్లగా ఉంటుంది." "నాది గులాబీ రంగుది, పొద్దున్నే వేసుకునేది." ఇలాగే చెప్పుకున్నాం. నేనూ అంతే.

ఎదురింటి వదిన కొంగు ముడి విప్పి ఒక బిళ్ళ నా చేతిలో పెట్టింది. "ఇదీ షుగర్‌దే వదినా, వేసుకో" అంది. ఆవిడ దగ్గర ఉన్నవి నాలుగే. అందులోంచి ఒకటి నాకిచ్చింది. పొద్దుట్నుంచి నేను తిన్నది సగం పొట్లం పులిహోర, రెండు బిస్కెట్లు. వేసుకుని పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. గుండె దడదడలాడుతోంది, చేతులు వణుకుతున్నాయి. జాకెట్టు చెమటతో ముద్దయిపోయింది. బీపీ బిళ్ళ రెండు రోజులుగా లేదు కదా, బీపీ పెరిగిందనుకున్నాను. అందరూ అప్పుడే కాస్త కునుకు తీశారు, లేపడం ఎందుకని కళ్ళు మూసుకుని పడుకున్నాను. కింద నీళ్ళు గోడకు తగులుతున్న చప్పుడు. ఆ తర్వాతది నాకు తెలియదు, వాళ్ళు చెప్పిందే. మా అమ్మాయిని పట్టుకుని "అమ్మా, పాలు పొంగుతున్నాయి, దించు" అన్నానట. మా అమ్మ పోయి పదిహేనేళ్ళు.

పక్కింటి కోడలు నర్సింగ్ చదివింది, పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసింది. "దండగ చదువు" అని వాళ్ళత్త అనడం నా చెవులతో విన్నాను. ఆ పిల్లే లేచి వచ్చి నా ఒళ్ళు ముట్టుకుంది. బాబాయిగారి షుగర్ మిషన్ తెప్పించింది. స్ట్రిప్పులు రెండే మిగిలాయి. మొదటిదానిలో 41 చూపించింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమట. "మింగలేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి" అని మా ఆయన్ని ఆపి, పంచదార తడిపి నా బుగ్గ లోపల, చిగుళ్ళకు రాసింది. కాస్త తెలివి వచ్చాక పంచదార నీళ్ళు గుక్క గుక్కగా తాగించింది. పావుగంట ఆగి రెండో స్ట్రిప్పు పెడితే 78. అక్కడితో స్ట్రిప్పులు అయిపోయాయి.

మా ఆయన పడవ కోసం నీళ్ళలోకి దిగబోతే ఇద్దరు పట్టుకుని ఆపారట. ఇక చేసేదేం లేక ఇంద్రకీలాద్రి ఎటుంటుందో అంచనా వేసుకుని, ఆ చీకట్లో అటు తిరిగి దండం పెట్టారట.

ఆ పిల్ల తెల్లారేదాకా పడుకోలేదు. వదిన ఇచ్చిన బిళ్ళలో గ్లిమెపిరైడ్ కూడా ఉంది. అది మనం తిన్నామా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది, దాని ప్రభావం ఒక రోజంతా ఉండొచ్చు. నేను రోజూ వేసుకునేది ఒట్టి మెట్‌ఫార్మిన్, దానికి షుగర్ ఇలా పడిపోవడం చాలా అరుదు. ఇదంతా ఆ పిల్ల తర్వాత చెప్పింది. ఆ రాత్రి మాత్రం గంటకోసారి లేపి, "ఆంటీ, నా పేరు చెప్పండి" అంటూ ఒక బిస్కెట్టు తినిపించింది. బాబాయిగారి ఇన్సులిన్ పాడవకుండా తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టింది కూడా తనే.

పొద్దున్నే పడవలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా, అక్కణ్నుంచి అంబులెన్సులో హాస్పిటల్‌కి. గ్లూకోజ్ ఎక్కించారు. బీపీ 190/110 ఉంది. డాక్టరుగారు నా చీటీ అడిగారు. గ్యాస్ బండ పైకి చేర్చాం గానీ మందులు, చీటీ నీళ్ళలో పోయాయని చెప్పాను. ఆయన నా మొహం కూడా చూడకుండా అన్నారు: "గ్యాస్ బండ మోసుకెళ్ళారు, అరచేతిలో పట్టే మందులు తెచ్చుకోలేకపోయారా?"

ఆ మాట ఇప్పటికీ నాకు మానలేదు. ఆయన కూడా రెండు రోజులుగా నిద్రపోయి ఉండరు, నిజమే. ఆ వార్డు నిండా నాలాంటివాళ్ళే. అయినా మొల దాకా నీళ్ళున్న ఇంట్లోంచి పిల్లను పట్టుకుని బయటపడ్డ మనిషిని అనే మాటా అది? తొమ్మిదేళ్ళలో నాకు చీటీలు రాసినవాళ్ళు నలుగురు. ఈ బిళ్ళ పేరిది, ఇలా పనిచేస్తుంది, తినకుండా ఉంటే ఇలా అవుతుంది అని ఒక్కరూ చెప్పలేదు. అదే హాస్పిటల్లో ఆయమ్మ మాత్రం బురద చీర విప్పించి, తన చీర తెచ్చి కట్టింది. "రేపు తెచ్చిస్తా" అంటే, "ఉంచుకోమ్మా, నాకు ఇల్లుంది" అంది.

రెండు రోజులకు పంపించారు. బీపీ దారికి రావడానికి మూడు వారాలు పట్టింది. నీళ్ళలో ఏదో రేకు గీసుకున్న కాలిపుండు రెండు నెలలకు గానీ మానలేదు. దసరాకు కొండెక్కలేక, కార్తీకంలో వెళ్ళి అమ్మవారి మొక్కు తీర్చుకున్నాను. లడ్డూ చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పంచాను. ఆవకాయ పూర్తిగా మానలేదు, రోజుకు ఉప్పు మొత్తం ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదని తెలుసుకుని, అన్నంలో ముద్దకు బదులు బద్ద నంజుకుంటున్నాను.

ఇప్పుడు నా బిళ్ళల పేర్లు నాకు నోటికొచ్చు. మెట్‌ఫార్మిన్ 500, పొద్దునొకటి రాత్రొకటి. టెల్మిసార్టాన్ 40, పొద్దున. తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి, పది రోజుల బిళ్ళలతో, ఒక పంచదార పొట్లంతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలుపు మీది మేకుకు తగిలించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ రోజే అడగండి, ఏం బిళ్ళ వేసుకుంటున్నారో పేరు చెప్పగలరేమో. ఇంకొకరి బిళ్ళ ఎంత ప్రేమగా ఇచ్చినా వేసుకోనివ్వకండి.

ఎదురింటి వదిన చాలా రోజులు మా ఇంటికి రాలేదు. ఒక సాయంత్రం వచ్చి గడప దగ్గరే నిలబడింది. "నా చేత్తోనే ఇచ్చాను" అని ఏడ్చింది. ఉన్న నాలుగింటిలో ఒకటి ఇచ్చిన చెయ్యి అది. పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి జోరుగా పట్టుకుంది. పదకొండు దాటాక ఫోను మోగింది. వదినే.

"వదినా, అన్నం తిన్నావా? కవరు మేకుకే ఉందా?"

"ఉంది వదినా. నీది?"

"చేతిలోనే పట్టుకుని కూర్చున్నా."