వాళ్ళు వ్యాన్ ఎక్కి వెళ్ళిపోతారు

"వాళ్ళు కాల్చలేదు, సరే. కానీ వాళ్ళ వల్లే కదా చచ్చాడు?" అన్నాడు మా పదేళ్ళవాడు, పాత 'మిషన్ ఇంపాజిబుల్' చూస్తూ చూస్తూ. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దే పనేదో అప్పుడే గుర్తొచ్చినట్టు నేను లేచి వెళ్ళిపోయాను.

సినిమాల సంగతి కాదు. 1966లో అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో మొదలై 1973 దాకా ఏడు సీజన్లు నడిచిన అసలు సీరియల్, ఓ రహస్య ఏజెంట్ల జట్టు కథ. ఏరి కోరి పెట్టింది నేనే. మా ఇంట్లో తుపాకీ బొమ్మలు నిషేధం. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన నెర్ఫ్ గన్ పెట్టె కూడా విప్పకుండానే గరాజ్‌లో అటకెక్కింది. "కొట్టుకునేవి కాదమ్మా, బుర్ర వాడేవి చూపించండి" అని కొత్త తల్లులకి సలహా ఇచ్చేదాన్ని, అడిగినా అడక్కపోయినా. ఈ సీరియల్ నా సలహాకి అతికినట్టు సరిపోయింది. రోలిన్ హ్యాండ్ మొహానికి మాస్కు తగిలించుకుని ఇంకొకడైపోతాడు. బార్నీ కొలియర్ గోడ వెనక నక్కి వైర్లు కలుపుతుంటాడు. సినమన్ కార్టర్ ఒక్క మాట జారవిడిచి ఇద్దరు స్నేహితుల మధ్య చిచ్చు పెడుతుంది. జట్టు నాయకుడు జిమ్ ఫెల్ప్స్ చొక్కా నలక్కుండా అంతా నడిపిస్తాడు. వీళ్ళు తుపాకీ పేల్చడం తక్కువ.

పేల్చాల్సిన అవసరం ఉండదు మరి. ఈ దుర్మార్గుడు డబ్బు కాజేశాడనో, అవతలి పక్షానికి అమ్ముడుపోయాడనో అతని మనుషులే నమ్మేలా చేస్తారు. పని అయ్యాక మనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వ్యాన్ ఎక్కుతారు. వెనక భవనంలోంచి తుపాకీ చప్పుడు వినిపిస్తుంది. వ్యాన్ కదులుతుంది, ఆ మ్యూజిక్ మొదలవుతుంది. చాలా ఎపిసోడ్లకి ఇదే ముగింపు. మావాడు అడిగేదాకా అది నా చెవికే ఆనలేదు. పని అప్పజెప్పిన పైవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మీరు దొరికిపోయినా, చచ్చిపోయినా మాకేం తెలియదంటాం అని మొదట్లోనే టేపులో చెప్పేస్తారు. ఆ టేపు కూడా తనంతట తానే కాలిపోతుంది.

మా ఆయన ఊరుకోలేదు. ఆయనకి చరిత్ర పిచ్చి. ఈ సీరియల్ వస్తున్న కాలానికి కాస్త ముందే అమెరికా నిజంగా ఇలాంటి పనులు చేసిందని మొదలుపెట్టారు. క్యూబా నాయకుడు కాస్ట్రోని చంపడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మాఫియావాళ్ళని పురమాయించి విషం మాత్రలు అందించిందట. కాంగోలో అక్కడి నాయకుడు లుముంబా కోసం కూడా విషం పంపింది. అది వాడకముందే, 1961 జనవరిలో ఆయన్ని వేరేవాళ్ళు కాల్చి చంపారు. సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ 1975లో ఇవన్నీ బయటపెట్టింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఫోర్డ్, ప్రభుత్వోద్యోగులెవరూ రాజకీయ హత్యల జోలికి పోకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. పడుకునే ముందు పిల్లాడికి చెప్పాల్సిన కబుర్లా ఇవి?

నేనేదో పరిస్థితి చక్కబెడదామని మన కథల్లోకి దిగాను. మారువేషాలే కావాలంటే మనకి లేవా! కృష్ణుడు, భీముడు, అర్జునుడు బ్రాహ్మణ వేషాల్లో జరాసంధుడి కోటలోకి వెళ్ళడం, కృష్ణుడు పుల్ల చీల్చి అటు ముక్క ఇటూ ఇటు ముక్క అటూ విసిరి చూపించడం, భీముడు గ్రహించడం, బ్రహ్మాండంగా చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. ఆ ఊపులో ద్రోణుడి దాకా వెళ్ళాను, అక్కడ ఇరుక్కున్నాను. అశ్వత్థామ హతః అని గట్టిగా అని, కుంజరః అని లోపల గొణిగినందుకు, అంతవరకూ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగిపోయింది కదా.

"అనమన్నది కృష్ణుడు కదా? మరి కృష్ణుడు తోలే రథానికి ఏం కాలేదా?"

"పడుకో నాన్నా, రేపు స్కూలుంది."

నా పక్షపాతం గురించి కూడా చెప్పేస్తే ఓ పనైపోతుంది. నెర్ఫ్ గన్‌కి చోటు లేని ఇంట్లో శనివారం రాత్రి తెలుగు సినిమాకి ఏ అడ్డూ లేదు. హీరో వేటకొడవలితో సుమోల నిండా దిగినవాళ్ళని వరసపెట్టి నరుకుతుంటే, అందరం సోఫాలో కూచుని పాప్‌కార్న్ తింటూ చూస్తాం. వాడికి తెలుగు వస్తుందని నా వాదన. వచ్చింది కూడా. గుడిలో ప్రసాదం లైన్లో పులిహోర కోసం తనని తోసిన స్నేహితుణ్ణి "రేయ్, నరికేస్తా" అన్నాడు. పక్కనున్న ఆంటీ మురిసిపోయి, "ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నాడండీ, మావాడికి ఒక్క ముక్క రాదు" అంది. నేను థ్యాంక్స్ చెప్పాను.

అంటే ఎదురుగా నిలబడి నరికేవాడు నాకు పరవాలేదు, దాక్కుని చంపించేవాడూ పరవాలేదు. ప్లాస్టిక్ తూటాల బొమ్మ మాత్రం పనికిరాదు. ఇందులో లాజిక్ ఏమిటని వాడు ఇంకా అడగలేదు, అదృష్టం.

ఇంకో సంగతి అడిగాడు. తెలుగు క్లాసు మానేస్తానని వాడు గొడవ చేస్తున్న రోజుల్లో నేను ఒక్కసారి కూడా కుదరదు అనలేదు. "నీ ఇష్టం కన్నా, అమ్మమ్మకి ఒక మాట చెప్పి మానెయ్" అన్నాను. ముందే మా అమ్మకి ఫోన్ చేసి ఏమనాలో, ఎక్కడ గొంతు వణకాలో అంతా చెప్పి పెట్టాను. అమ్మ అద్భుతంగా చేసింది. వాడు మర్నాడు బుద్ధిగా బ్యాగు సర్దుకున్నాడు. స్నేహితుల ఇళ్ళలో రాత్రి పడుకునే స్లీపోవర్లదీ ఇదే దారి. "నాన్నని అడుగు" అంటాను, ఆయనకి వంటింట్లోనే సైగ అయిపోయి ఉంటుంది. నాకు చెడ్డపేరు రాదు. బాగానే నడిచేది, మొన్న వీడియో కాల్‌లో మా అమ్మ అమాయకంగా, "మీ అమ్మే అలా అనమంది నాన్నా" అని బయటపెట్టేదాకా.

వాడు ఏడవలేదు, అరవలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "నెక్స్ట్ టైమ్ నో అయితే నువ్వే చెప్పు" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేనే చెబుదామని గట్టిగా అనుకున్నాను. స్నేహితుడి ఇంటివాళ్ళతో క్యాంపింగ్‌కి వెళ్తానని ఈ మధ్యే అడిగాడు. కుదరదు అన్నాను, సూటిగా. ఎందుకు అన్నాడు. ఎందుకో నా దగ్గర జవాబు లేదు. భయం అంటే దేనికి అంటాడు, మనవాళ్ళు కాదు అంటే అది ఇంకా ఘోరం. ఒక్కో కారణం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అమ్మమ్మ బాధపడుతుంది అన్నప్పుడు ఈ కారణాలు వెతుక్కునే అవసరం రాలేదు. అందుకేనేమో అంతకాలం హాయిగా ఉంది. ఎదురుగా కుదరదు అనే తల్లి అయితే మంచిదా, వాడి మనసు నొప్పించకుండా అమ్మమ్మ చేత చెప్పించే తల్లి మంచిదా? ఒకప్పుడు కొత్త తల్లులకి టక్కున చెప్పేదాన్నే. క్యాంపింగ్‌కి మాత్రం పంపించాను. దోమలు కుట్టించుకుని సంతోషంగా తిరిగొచ్చాడు.

ఇప్పుడు సీరియల్ మూడో సీజన్‌లో ఉన్నాం. జిమ్ ఫెల్ప్స్ అంటే వాడికి ప్రాణం. 1996లో వచ్చిన మొదటి సినిమాలో ఆ ఫెల్ప్సే ద్రోహిగా తేలతాడని వాడికి ఇంకా తెలియదు. ఎవరో ఒకరు చెప్పక తప్పదు. మా ఆయన చేత చెప్పిద్దామని చూస్తున్నాను.